రెండు మహాసంగ్రామముల నడుమ చెన్నపట్టణము
(ఆసియా జాతీయోద్యమములలో తెలుగువారి పాత్ర)

మొదటి ప్రపంచ సంగ్రామము 1918 నవంబరులో ముగిసెను. రెండవది 1939 సెప్టెంబరులో ఆరంభమయ్యెను. ఈ రెంటి నడుమ గడచిన ఇరువదియొక్క సంవత్సరములలో ఆసియా ఖండమున పరప్రభుత్వము క్రింద నున్న జాతులన్నియు ఒకదాని వెనుక నొకటి మేల్కాంచినవి. 1919 వ సంవత్సర మొక్కదానినే పరికించినను ఈ సంగతి తేటపడును. మార్చి 1వ తేదీన కొరియా ప్రజలు జపాను పాలనకు ఎదురు తిరిగి స్వాతంత్ర్య ప్రకటన గావించిరి. ఏప్రిల్ 6న భారతదేశమంతట హర్తాళము జరిగెను. 13న అమృతసరములో జలియన్‌వాలా బాగు దురంతము సంభవించెను. మే 4న పెకింగు విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. మే 19న ముస్తఫా కెమాల్ సంసూను రేవున దిగి తురుష్క జాతీయ సమరమునకు నాంది పలికెను.

ఈ జాతులకు పరస్పర పరిచయము స్వల్పము. ఐనను వాని అసంతృప్తికి కారణము లొక్కటే. యుద్ధకాలమున సామ్రాజ్యములు వలస దేశములనుండి సైన్యమును, ధనమును, ధాన్యమును గైకొన్నవి. భారతదేశమునుండియే పదిలక్షలకు మించిన జనము సముద్రములు దాటి పోయిరి. చిన్న జాతులకు స్వయంనిర్ణయాధికారము కలదని యుద్ధము జరుగుచుండగా చెప్పినవారు, సంధి సమయమున ఆ మాటను ఐరోపాకు మాత్రమే పరిమితము చేసిరి. ధరలు పెరిగినవి, మాట తప్పినది, నిర్బంధ శాసనములు మిగిలినవి.

ఈ మహాపరిణామములో చెన్నపట్టణమున కొక స్థానము కలదు. ఆ స్థానమును సంపాదించి పెట్టినవారిలో తెలుగువారును ఉన్నారు. వారు ఏయే మార్గములలో నడచిరో, వాని ఫలితము లెట్టివో వివరించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

పట్టణము – పరిస్థితి

యుద్ధపు వేడి సోకిన భారతీయ నగరములలో చెన్నపట్టణము మొదటిది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మను నౌక రేవునకు సమీపించి గుండ్లు ప్రేల్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లను తగులబెట్టి పోయెను. నష్టము మిక్కిలి పెద్దది కాదు. కాని సముద్రముపై ఇంగ్లీషువారికి ఎదురులేదను నమ్మకము ఆ రాత్రితో కొంత సడలెను.

ఆ కాలమున చెన్నపట్టణము ఒరిస్సా సరిహద్దు మొదలు కన్యాకుమారి సమీపము వరకు వ్యాపించిన రాజధానికి ముఖ్యపట్టణము. గంజాము మొదలు చిత్తూరు వరకు గల తెలుగు జిల్లాలన్నియు సెంటు జార్జి కోటనుండియే పాలింపబడుచుండెను. హైకోర్టు ఇచ్చట, విశ్వవిద్యాలయ మిచ్చట, ముద్రణాలయములు, బ్యాంకులు, రేవు ఇచ్చట. వ్యాజ్యము కొరకు, చదువు కొరకు, వ్యాపారము కొరకు, కూలి కొరకు తెలుగువాడు ఇచ్చటికే రావలసియుండెను. అప్పటికే తరతరములుగా ఇచ్చట నివసించు తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. అందుచే తెలుగు రాజకీయములకు చెన్నపట్టణమే తొలి రంగస్థలమయ్యెను.

1919 మార్చిలో గాంధీమహాత్ముడు ఈ నగరమున నుండగా రౌలట్ బిల్లు చట్టమైన వార్త అందెను. దేశమంతట ఒక్కదినమున పనులు మాని ఉపవాస ప్రార్థనలు జరుపవలెనను ఊహ తనకు ఇచ్చటనే కలిగెనని ఆయన ఆత్మకథలో చెప్పికొనిరి. కావున 1919 నాటి దేశవ్యాప్త హర్తాళమునకు బీజము పడిన ఊరు ఇదియే యనవచ్చును.

రెండు త్రోవలు

తెలుగువారందరు ఒకే త్రోవను నడువలేదు. ఈ విషయమును కప్పిపుచ్చుట చరిత్రకు న్యాయము కాదు. 1916 నవంబరులో దక్షిణ భారత ఉదారవాద సంఘమును స్థాపించిన ముగ్గురిలో పిట్టి త్యాగరాయ సెట్టిగారు ప్రముఖులు. ఆ సంఘమే తమ పత్రిక పేరిట జస్టిస్ పార్టీ యని ప్రసిద్ధి కెక్కెను. ఉద్యోగములలోను, విద్యలోను బ్రాహ్మణేతరులకు తగిన భాగము లభింపవలెననుట వారి వాదము. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరింపగా ఈ పార్టీ శాసనసభ ప్రవేశించి అధికారము చేపట్టెను. పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు, 1921 నుండి 1926 వరకు ప్రధాన మంత్రిగా నుండిరి. 1932 నుండి బొబ్బిలి రాజాగారు ఆ పదవి నధిష్ఠించిరి.

వీరు రాజభక్తులని యొకరును, సంఘసంస్కర్తలని యొకరును వాదింతురు. రెండు మాటలలోను సత్యము కలదు. ద్వంద్వ ప్రభుత్వములో ఆదాయమును, పోలీసును తెల్లదొరల చేతులలో నుంచుకొని విద్య, ఆరోగ్యము వంటి శాఖలను మాత్రమే మంత్రుల కప్పగించిరి. ఆ కొద్దిపాటి అధికారముతోనే ఉద్యోగములలో కులముల వారీ నిష్పత్తిని నిర్ణయించు ఉత్తరువులు, దేవాలయ ధర్మాదాయముల పర్యవేక్షణకు చట్టము వెలువడినవి. పరపాలన పోవలెనా, స్వజనులలోని అసమత ముందు తొలగవలెనా యను ప్రశ్న ఆనాడు ఆసియాలోని పెక్కు దేశములలో వినబడినది. చెన్నపట్టణమున ఆ ప్రశ్నకు ఇరువైపుల నిలిచిన నాయకులలో తెలుగువారున్నారు.

పత్రికల బలము

కాంగ్రెసు త్రోవ నడచినవారికి ముఖ్యసాధనము పత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించిన ఆంధ్రపత్రికను 1914 ఏప్రిల్ 1 నుండి చెన్నపట్టణమున దినపత్రికగా వెలువరించిరి. అమృతాంజనము అమ్మగా వచ్చిన లాభమును వారు అచ్చుయంత్రములకును, గ్రంథములకును వెచ్చించిరి. 1924లో భారతి మాసపత్రిక వెలసెను. తంబుచెట్టి వీధిలో కూర్చిన అక్షరము రైలుబండి నెక్కి నెల్లూరు, గుంటూరు, బెజవాడ, రాజమహేంద్రవరము మీదుగా పల్లెల చేరుచుండెను. ఒకరు చదువగా పదిమంది వినుచుండిరి. చీనాలో అంతర్యుద్ధము, తురుష్కదేశమున ఖలీఫా పదవి రద్దగుట, ఐర్లండు సంధి మొదలగు వార్తలను తెలుగు రైతు తెలుగుననే తెలిసికొనుటకు ఇట్టి పత్రికలే ఆధారము.

టంగుటూరి ప్రకాశం పంతులుగారిది మరియొక రీతి. బారిస్టరుగా వేలకొలది రూపాయలు గడించుచున్న కాలమున వారు వృత్తిని విడిచి, 1921లో స్వరాజ్య యను ఇంగ్లీషు దినపత్రికను స్థాపించిరి. ఖాసా సుబ్బారావుగారు, కోటంరాజు రామారావుగారు వంటి పత్రికా రచయితలు అందు పనిచేసిరి. జీతములు సక్రమముగా అందకున్నను వారు పనిమానలేదు. ప్రకటనలు తక్కువ, ప్రభుత్వపు కన్నెర్ర ఎక్కువ. ప్రకాశంగారు తమ యార్జన నంతయు అందు పోసిరి. 1930 తరువాతి సంవత్సరములలో పత్రిక మూతపడెను. లెక్కల పుస్తకము ప్రకారము అది నష్టవ్యాపారము. కాని అందు శిక్షణ పొందినవారు దేశపు పెద్ద పత్రికలకు సంపాదకులైరి.

కోట – కొండ

పత్రికయు సభయు చేరని తావులలో ఉద్యమము వేరు రూపు దాల్చెను. 1882 నాటి మద్రాసు అడవి చట్టము మన్యపు ప్రజల పోడు సేద్యమునకు అడ్డు వచ్చెను. గూడెము ప్రాంతమున రోడ్లు వేయుటకు వారిచే చాలీచాలని కూలితో వెట్టి చేయించిరి. ఈ కష్టములనుండి పుట్టిన తిరుగుబాటునకు అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి జరిపి తుపాకులను గైకొనిరి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు ఇంగ్లీషు అధికారులు హతులైరి. మలబారు ప్రత్యేక పోలీసులను, అస్సాం రైఫిల్సు దళమును రప్పించిన పిమ్మట గాని ప్రభుత్వమునకు పట్టు చిక్కలేదు. 1924 మే 7న రాజును పట్టుకొని, విచారణ లేకుండ కాల్చి చంపిరి.

చెన్నపట్టణమునకు ఈ గాథతో సంబంధ మేమి యని శంక కలుగవచ్చును. అడవి చట్టము చేయబడినది సెంటు జార్జి కోటలో. సైన్యమును పంపు ఉత్తరువు వెలువడినదియు ఆ ప్రభుత్వమునుండియే. కోటలో వ్రాసిన కాగితము కొండమీద ఎట్లు అనుభవమునకు వచ్చినదో తెలియనిదే ఆ కాలపు పాలన స్వరూపము తెలియదు. ఇండోచైనాలో 1930–31 సంవత్సరములందు జరిగిన రైతుల తిరుగుబాట్లును, బర్మాలో 1930 డిసెంబరున సాయా సాన్ నడిపిన తిరుగుబాటును ఇట్టివే. పన్నులు, అడవి, వెట్టి యను మూడు మాటలు వానికన్నిటికిని మూలము. గాంధీజీ 1929లో సీతారామరాజును గూర్చి వ్రాయుచు, సాయుధ మార్గమును తాము ఒప్పుకొనకున్నను ఆ యువకుని ధైర్యత్యాగములు ఆదర్శములని ప్రశంసించిరి.

1927 మహాసభ

1927 డిసెంబరులో అఖిల భారత కాంగ్రెసు చెన్నపట్టణమున సమావేశమయ్యెను. డాక్టరు అన్సారీగారు అధ్యక్షులు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో బ్రస్సెల్సు నగరమున పీడిత జాతుల మహాసభ జరిగియుండెను. చీనా ప్రతినిధులతోను, జావా సుమత్రాల తరఫున వచ్చిన మహమ్మదు హట్టాతోను కలిసి జవహర్‌లాల్ నెహ్రూ అందు పాల్గొనిరి. ఐరోపానుండి మరలి వచ్చి ఆయన చెన్నపట్టణ సభలో సంపూర్ణ స్వాతంత్ర్యమే భారత ప్రజల లక్ష్యమను తీర్మానమును ప్రతిపాదింపగా సభ ఆమోదించెను. గాంధీజీకి ఆ తొందర నచ్చలేదు. రెండేండ్లకు, 1929 లాహోరు సభలో, ఆ లక్ష్యమే కాంగ్రెసు ప్రతిజ్ఞగా స్థిరపడెను.

ఇదే సభలో చీనాకు భారత సైన్యములను పంపుటను గర్హించుచు తీర్మానము జరిగెను. షాంఘాయిలోని ఇంగ్లీషువారి ఆస్తులను కాపాడుటకై ఆ సంవత్సరారంభమున భారతీయ సిపాయిలను పంపియుండిరి. ఒక బానిస జాతి చేత మరియొక జాతిని అణచివేయించుట తగదని చెన్నపట్టణపు సభ పలికినది. ఆసియా జాతుల పోరాట మొక్కటే యను భావము ఈ నగరమున ఇంత స్పష్టముగా ప్రకటితమగుట విశేషము.

అదే సంవత్సరము మౌంటు రోడ్డుపైనున్న నీల్ విగ్రహమును తొలగింపుమని సత్యాగ్రహము జరిగెను. 1857 సంగ్రామకాలమున అలహాబాదు, కాన్పూరులలో క్రూరదండనలు సాగించిన సేనాని యతడు. సత్యాగ్రహులు చెరసాల పాలైరి. విగ్రహము మాత్రము పదేండ్లు అక్కడనే నిలిచి, 1937లో ప్రజా మంత్రివర్గ మేర్పడిన తరువాత ఎగ్మూరు వస్తుప్రదర్శనశాలకు చేరెను.

వీధి, సముద్రతీరము

భారతీయుడొక్కడును లేని సైమన్ కమీషను 1928 ఫిబ్రవరి 3న బొంబాయిలో దిగెను. ఆ దినమున చెన్నపట్టణమున హర్తాళము జరిగెను. హైకోర్టు చెంత, ప్యారీ మూలకడ పోలీసులు కాల్పులు జరుపగా పార్థసారథి యను యువకుడు మరణించెను. మృతదేహమును చూడబోయిన ప్రకాశం పంతులుగారిని సిపాయి తుపాకి చూపి ఆపెను. అప్పటికి వారి వయస్సు ఏబదియైదు సంవత్సరములు. చొక్కా తెరచి, రొమ్ము చూపి, కాల్చుమని వారు ముందుకు నడచిరి. సిపాయి కాల్చలేదు. ప్రజలు వారిని ఆంధ్రకేసరి యనిరి. మరణించిన యువకుని పేరును ఆంధ్రకేసరి గాథతో పాటు గుర్తుంచుకొనుట ధర్మము. కాల్పులలో ప్రాణము పోయినది ఆయనది.

1930 ఏప్రిల్‌లో ఉప్పు సత్యాగ్రహము చెన్నపట్టణపు తీరమును తాకెను. ప్రకాశం, నాగేశ్వరరావు పంతులుగార్లు ముందు నడచిరి. ఏప్రిల్ 27న తిరువల్లిక్కేణి సముద్రతీరమున జనసమూహముపై పోలీసులు విరుచుకుపడగా ప్రాణనష్టము కలిగెను. నాయకులు కారాగారమున నుండగా ఉద్యమ భారమును వహించినవారిలో దుర్గాబాయిగారు ముఖ్యులు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు అప్పటికి ఇరువదియొక్క యేండ్లు నిండలేదు. ఆమెను వెల్లూరు చెరకు పంపిరి. తరువాతి శిక్షాకాలమున మధుర చెరసాలలో ఏకాంత నిర్బంధము ననుభవించిరి. చట్టమన నేమో తెలియక, తమ పక్షమున మాటాడువారు లేక శిక్షలు పడిన స్త్రీలను ఆమె అచ్చట చూచిరి. విడుదలయైన పిమ్మట న్యాయశాస్త్రము చదువుటకు ఆ అనుభవమే ప్రేరణ. 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళా సభ వెలసెను. తదుపరి ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలైరి. ఉద్యమము ఒక వ్యక్తిని తీర్చిదిద్దుటయు, ఆ వ్యక్తి ఒక సంస్థను నిర్మించుటయు ఇంత స్పష్టముగా కనబడు ఉదాహరణములు అరుదు.

కార్మికులు – నూతన భావములు

పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులకై 1918 ఏప్రిల్ 27న మద్రాసు కార్మిక సంఘ మేర్పడెను. వాడియాగారు అధ్యక్షులు. ఆ సంఘ స్థాపనకు మొదట పూనుకొన్నవారు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను ఇరువురు స్థానికులు. 1921లో నెలల తరబడి సాగిన సమ్మె కులభేదములవలన చీలి, పులియాంతోపులో రక్తపాతమునకు దారితీసెను. 1923 మే 1న సింగారవేలు చెట్టియారుగారు ఈ నగర సముద్రతీరమున మేడే సభలు జరిపిరి. భారతదేశమున అవియే మొదటివి.

1931లో అమీర్ హైదర్ ఖాన్ మారుపేరుతో చెన్నపట్టణము చేరి యువకులను కూడగట్టెను. ఆయన ప్రభావమునకు లోనైనవారిలో నెల్లూరు జిల్లా అలగానిపాడునకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య యొకడు. లయోలా కళాశాలలో చదువుచుండి 1930లో సత్యాగ్రహమునకై చదువు విడిచిన యువకు డతడు. 1934లో ఆంధ్రదేశమున ఏర్పడిన కమ్యూనిస్టు పార్టీకి ముఖ్య నిర్మాత యయ్యెను. ఒకే నగరమున ఒకే దశాబ్దిలో శాసనసభావాదము, సత్యాగ్రహము, సామ్యవాదము మూడును తెలుగు యువకుల నాకర్షించుట గమనింపదగినది.

రంగూను హెచ్చరిక

జాతీయోద్యమముల చరిత్రలో ఉజ్జ్వల ఘట్టములే కాక చీకటి ఘట్టములును కలవు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి తెలుగు కూలీలు బర్మాకు పోవుచుండిరి. కోరంగి రేవు పేరిట బర్మీయులు వారిని కోరంగీలనిరి. 1930 నాటికి అచ్చట తెలుగువారి సంఖ్య లక్షకు మించెను. రంగూను ఓడరేవు మూటల కూలి వారి చేతిలో నుండెను. 1930 మేలో కూలి పెంపునకై వారు సమ్మె చేయగా, యజమానులు బర్మా కూలీలను పెట్టుకొనిరి. సమ్మె తీరినంతనే వారిని తీసివేసిరి. పని పోయినవారికిని, పని దొరకినవారికిని మే 26న కలహము పుట్టెను. కొద్ది దినములలో నూరుమందికి పైగా మరణించిరి. హతులలో పెక్కుమంది తెలుగు కూలీలు.

రెండు జాతులును ఒకే ప్రభుత్వమునకు లోబడినవే. రెండును స్వాతంత్ర్యము కోరుచున్నవే. ఐనను అన్నము కొరకైన పోటీ భాషాభేదముతో కలియగా కత్తి ఎవరిమీదికి తిరిగినదో చూడవలయును. మా బర్మా యను అర్థముగల దొబామా ఉద్యమము ఆ యేడే తల యెత్తెను. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1942లో జపాను దండయాత్ర నాడు లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటి వచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు.

అధికారము – విభజన

1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభయందు 215 స్థానములకు 159 కాంగ్రెసునకు లభించెను. బొబ్బిలి రాజాగారిని వారి స్వస్థలముననే వి.వి. గిరిగారు ఓడించిరి. రాజాజీ మంత్రివర్గములో ప్రకాశంగారు రెవిన్యూ శాఖను, గిరిగారు కార్మిక శాఖను, బెజవాడ గోపాలరెడ్డిగారు స్థానిక పాలనా శాఖను నిర్వహించిరి. బులుసు సాంబమూర్తిగారు శాసనసభాధ్యక్షులు. ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘము రైతు హక్కును సమర్థించుచు 1938లో నివేదిక నొసగెను. అది చట్టము కాకమునుపే, తమను సంప్రదింపక భారతదేశమును యుద్ధములో దింపినందులకు నిరసనగా 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేసెను.

1937 నవంబరు 16న మైలాపూరులోని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొనిరి. ప్రత్యేక రాష్ట్రమునకు మార్గము కొంత సుగమమయ్యెను. పదునైదేండ్లకు, 1952 డిసెంబరు 15న, అదే మైలాపూరు ప్రాంతమున సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు నిరశనదీక్షలో ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న చెన్నపట్టణము లేకయే ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆ రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారే.

మిగిలినది

మద్రాసు మనదే యను నినాదము ఆ సంవత్సరములలో చెలరేగి చల్లారినది. నేల యెవరిదను వివాదము 1953తో ముగిసెను. కాని ఆ వివాదమువలన ఒక నష్టము కలిగెను. తెలుగునాట పెరుగు బాలునకు ప్యారీ మూల యెచ్చటనో తరచుగ తెలియదు. చెన్నైలో పెరుగు బాలునకు బ్రాడ్వే వీధికి ప్రకాశం శాలై యను పేరు ఎవరినిబట్టి వచ్చినదో తెలియదు. త్యాగరాయనగరము, పానగల్ పార్కు, లజ్‌లోని నాగేశ్వరరావు పార్కు నిత్యము నోట వచ్చు పేర్లే. వాని వెనుకనున్న మనుష్యులు మరుగుపడిరి.

ఈ చరిత్ర తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. సింగారవేలు చెట్టియారు, రాజాజీ, సత్యమూర్తి, యాకూబ్ హసన్ మొదలగువారితో కలిసియే ప్రకాశం, దుర్గాబాయిగార్లు నడచిరి. రంగూనున భాషాభేదము రక్తపాతమైనది. చెన్నపట్టణమున రాష్ట్ర విభజన వంటి తీవ్ర వివాదము కూడ తమిళులను, తెలుగువారిని పొరుగువారుగనే మిగిల్చినది. ఇది ఇరువురును గర్వింపదగిన సంగతి.

ఐతే ఈ చరిత్రకు ఆధారములలో గొప్ప భాగము తెలుగున నున్నది. ఆంధ్రపత్రిక సంపుటములు, భారతి సంచికలు, ప్రకాశంగారి నా జీవితయాత్ర, ఆ కాలపు లేఖలు, కరపత్రములు తెలుగు చదువవచ్చినవారికే తెరచుకొనును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టముతో పాఠశాలలలో తమిళము తప్పనిసరి యైన పిమ్మట, ఇచ్చటి తెలుగు పిల్లలు మాతృభాషను చదువుటకు గల చోటు ఇరుకైనది. ఉన్న ఊరి భాషను నేర్చుట విధి. అందు సందేహము లేదు. దానితోపాటు తెలుగును నిలుపుకొననియెడల నష్టపోవునది తెలుగు కుటుంబము లొక్కటే కాదు. తన గతములో ఒక భాగమును తానే చదువుకొనలేని స్థితి ఈ నగరమునకు కలుగును. ఇంటిలో తెలుగు మాటాడు పెద్దలు వారమునకు ఒక గంట పిల్లలచే తెలుగు చదివించినను ఆ స్థితి రాకుండ చేయవచ్చును. అట్లు చదువ నేర్చిన పిల్లలను ఒకమారు ప్యారీ మూలకు, ఒకమారు పొట్టి శ్రీరాములు స్మారక భవనమునకు తోడుకొని పోవలయును. అచ్చట జరిగినది వారికి తెలుగుననే చెప్పవలయును.